కలివికోడికీ కాన్పుకూ ఏం సంబంధం?

ఒకాయన లంకమలలో, ఆ తర్వాత నల్లమలలో రేంజరుగా చేసి రిటైరైనాడు. ఆమె ఆత్మకూరు వైపు ఏఎన్ఎంగా చేరి, సూపర్‌వైజరుగా దిగింది. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులే. వాళ్ళ నోట వచ్చే ఊళ్ళు, ఏళ్ళు, లెక్కలు మాత్రం కల్పన కాదు. అడవిని కాపాడే పనిలోనే ప్రజారోగ్యాన్నీ కుటుంబ నియంత్రణనూ కలిపి నడపాలనే ఆలోచన ఆఫ్రికాలో, ఫిలిప్పీన్స్‌లో చాలా ఏళ్ళుగా ఆచరణలో ఉంది. దాన్ని ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో దించితే ఎట్లా ఉంటుందన్నదే వీళ్ళ పేచీ. నాకు నర్సమ్మ వైపు మొగ్గుంది. అట్లని రేంజరు నోరు నొక్కలేదు.

రేంజరు: కోప్పడనంటే ఒక మాటంటాను సిస్టరమ్మా. నా సర్వీసంతా కట్టెలు కొట్టేవాణ్ణీ మేకలు తోలుకొచ్చేవాణ్ణీ పట్టుకోవడంతోనే సరిపోయింది. కేసు రాసేటప్పుడు ఇంట్లో ఎంతమంది అని అడిగేవాణ్ణి. ఆరుగురు అనేవాడు, ఏడుగురు అనేవాడు. ఉండేది రెండెకరాల మెట్ట. వాడు అడవి మీద పడక ఏం చేస్తాడు? మీ డిపార్టుమెంటు పని సరిగ్గా జరిగుంటే మా డిపార్టుమెంటుకు సగం పని తగ్గేది.

నర్సమ్మ: మా పని జరగలేదంటారా? ఏ రాష్ట్రం గురించి సార్ మీరు చెప్పేది? 1992-93లో మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రలో ఒక్కో ఆడమనిషికి సగటున 2.6 కాన్పులు. 2019-21 సర్వేకి వచ్చేసరికి 1.7. జనాభా ఉన్నచోటే నిలవాలంటే 2.1 కావాల. పెళ్ళయిన ఆడోళ్ళలో నూటికి డెబ్బై మంది దాకా ఆపరేషన్ అయినోళ్ళే. మొగోళ్ళలో నూటికి ఒకడు కూడా లేడు, ఆ కత మళ్ళీ చెప్తా. మాకిచ్చిన టార్గెట్లు దాటి చాలా ఏళ్ళయింది. మరి మీ బట్టమేక పిట్ట యాడ?

రేంజరు: అక్కడ తగిలించారా!

నర్సమ్మ: తగిలించక? మిడుతూరు మండలం రోళ్లపాడు. 1988లో అభయారణ్యమన్నారు, ఆరొందల హెక్టార్ల పైచిలుకు గడ్డినేల. నేను సబ్‌సెంటరు డ్యూటీలో ఆ పక్క ఊళ్ళకు పోయినప్పుడు నందికొట్కూరు బస్సులో ఎవరినడిగినా మీటరెత్తు పిట్టను చూసినామనే చెప్పేవాళ్ళు. ఇప్పుడు పిల్లోళ్ళకు బోర్డు మీద బొమ్మే. కాన్పులు తగ్గినాయి, పిట్టా తగ్గింది. మీ లెక్క ప్రకారం కాన్పులు తగ్గితే పిట్ట పెరగాల కదా?

రేంజరు: బట్టమేక ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు, అదీ బయలు నేల మీద. దానికి కావలసింది కొర్ర, జొన్న, మధ్యలో బీడు. కాలువ నీళ్ళొచ్చాయి. అలగనూరు రిజర్వాయరొచ్చింది. కొర్ర పోయి పత్తి, పొద్దుతిరుగుడు, శనగ వచ్చాయి, పురుగుమందు వచ్చింది. ఇంకోవైపు మేము కంచె వేసి కాపాడినందుకు కృష్ణజింకలు వందల్లోకి పెరిగి చేలల్లో పడ్డాయి. మీ పిట్ట కోసం మా పంట పోవాల్నా అని ఊరోళ్ళు మా మీదికొచ్చారు. వాళ్ళ కోపంలో తప్పు లేదు.

నర్సమ్మ: చూడండి, అంతసేపు చెప్పినారు, అందులో ఒక్క బిడ్డ లేదు. కాలువుంది, పత్తుంది, మందుంది, జింకుంది.

రేంజరు: నీళ్ళు కావాలన్నది ఎవరు? మనుషులు కాదా? ఇంకొకటి. మీరు చెప్పే 1.7 ఇవాళ్టిది. అరవైల్లో, డెబ్బైల్లో పుట్టినవాళ్ళు ఎక్కడికి పోయారు? వాళ్ళకే కదా దరఖాస్తు పట్టాలిచ్చింది. సిద్ధవటం, బద్వేలు వైపు ముళ్ళపొదల నేలంతా రెవెన్యూ రికార్డులో బంజరు. చదును చేసి నిమ్మతోటలు పెట్టారు. కలివికోడి పిట్టకు కావలసింది సరిగ్గా అదే నేల. మరీ చిక్కగా పొదలుంటే ఉండదు, మరీ బోడిగా ఉన్నా ఉండదు. మేకలు కొంచెం మేస్తేనే దానికి బాగుంటుంది, ఎక్కువ మేస్తే ఆ పొద పోతుంది. ఆ కొంచేనికీ ఎక్కువకూ మధ్య ఉండేది మనుషుల సంఖ్యే కదమ్మా. పుట్టుకలు తగ్గినా, ముందే పుట్టినవాళ్ళ ఆకలి యాభై ఏళ్ళు నడుస్తుంది.

(ఇక్కడ రేంజరుకు మార్కులెయ్యాలి. జననాల రేటు పడిపోయిన రోజునే జనాభా ఒత్తిడి పోదు. మన చర్చల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు.)

నర్సమ్మ: సరే, ఒప్పుకుంటా. అయితే కలివికోడి కతే మొత్తం చెప్పండి. సగంలో ఆపొద్దు.

రేంజరు: 1848లో జెర్డాన్ దొర చెప్తే లోకానికి తెలిసింది. ఆయన కంపెనీ పటాలంలో డాక్టరు, మీ శాఖే! 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాసినదే చివరిది. ఆ తర్వాత ఎనభై ఏళ్ళ పైన కనబడలేదు, అంతరించిందన్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి లంకమల కింద మళ్ళీ కనిపెట్టాడు. అసలు పట్టుకున్నది ఊళ్ళో వేటగాడే, రాత్రి టార్చిలైటు వెలుతురులో. ఆ పిట్ట కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

నర్సమ్మ: 2005 సంగతి?

రేంజరు: ...తెలుగుగంగ కాలువ. పొక్లెయిన్లు వచ్చి పిట్ట తిరిగే పొదల్లోనే తవ్వేశాయి, అనుమతి లేకుండానే. పిట్ట మీద పరిశోధన చేస్తున్న పిల్లలు చూసి చెప్తే తెలిసింది. కేసులు పెట్టాం, తర్వాత కాలువ దారి మార్చారు.

నర్సమ్మ: ఆ నీళ్ళు యాడికి పోతాయి సార్? మద్రాసుకు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్న కాలువ అది. ఒక్క వారంలో పొక్లెయిను తీసేసిన పొదను బద్వేలు మేకలు ఎన్నేళ్ళు మేస్తే అయిపోతుంది? మేకల కాపరి భార్య మూడో కాన్పు మీద కేసు రాస్తారు. పొక్లెయిను వెనకాల ఎవరున్నారో ఆ కేసులో రాసినారా?

రేంజరు: కేసులు పెట్టామన్నా కదా.

నర్సమ్మ: పెట్టినారులే. నేను చెప్పేదేమంటే, మనుషులు ఎక్కువైనారన్న మాట ఈ సీమకు కొత్త కాదు. 1876లో ధాత కరువు వచ్చినప్పుడూ దొరలు అదే అనుకున్నారు, జనం ఎక్కువ, తిండి తక్కువ, ప్రకృతే సరిచేస్తుందని. కూలి గింజలు కూడా కోసిపెట్టినారు. 1881 జనాభా లెక్క తీస్తే కర్నూలు జిల్లాలో దగ్గర దగ్గర నాలుగో వంతు మనుషులు లేరు. అంతమంది పోయినా ఈ సీమకు ఒక్క అడవి కూడా కలిసిరాలేదు.

రేంజరు: నేను ఎవర్నీ చంపమనడం లేదు తల్లీ. మంచిగా జరిగిన చోట ఎట్లా జరిగిందో చూడమంటున్నా. ఉగాండాలో బ్విండీ అడవి ఉంది, కొండ గొరిల్లాలుండేది. 1996లో గొరిల్లాలకు గజ్జి పట్టింది, ఒక పిల్ల చచ్చిపోయింది. ఎక్కడి నుంచి అంటే పక్క ఊళ్ళో చేలల్లో దిష్టిబొమ్మలకు కట్టిన మురికిగుడ్డల నుంచి. గ్లాడిస్ కలేమా-జికుసోకా అని పశువైద్యురాలు. మనిషి ఒళ్ళు బాగులేకుండా గొరిల్లా ఒళ్ళు బాగుండదని 2003లో సంస్థ పెట్టింది. ఊరి వాలంటీర్లే గజ్జికి, క్షయకి మందులు చెప్తారు, మరుగుదొడ్డి సంగతి చెప్తారు, కాన్పుల మధ్య ఎడం పెట్టుకునే ఇంజక్షను ఇస్తారు, గొరిల్లా చేలోకి వస్తే ఏం చేయాలో కూడా వాళ్ళే చెప్తారు. మడగాస్కర్ పడమటి తీరంలో ఆండవడోకా అని బెస్తల ఊరు. 2004లో ఆక్టోపస్ వేటకు కొన్నాళ్ళు సెలవు ప్రకటించారు. తర్వాత 2007లో అక్కడే కుటుంబ నియంత్రణ క్లినిక్ తెరిచారు. ఒకే సంస్థ, ఒకే ఊరు. మనం ఎందుకు చేయలేం?

నర్సమ్మ: ఆ క్లినిక్కులో ఏమిచ్చినారో గమనించినారా? ఇంజక్షను, మాత్ర, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం. అక్కడ ఆడోళ్ళకు అంతకుముందు ఏమీ దొరికేది కాదు, ఇదొచ్చి దొరికింది. ఈడ మనకు తిరగేసి ఉంది సార్. కు.ని. అంటే ఒక్కటే, ఆపరేషను. పద్దెనిమిది నిండకముందే పెళ్ళి, ఇరవైకి ఇద్దరు, ఇరవై మూడుకు ఆపరేషను. పాతికేళ్ళకు ఆ ఆడమనిషి కతను మా రిజిస్టరులో మూసేస్తాం. ఆ తర్వాత నడుంనొప్పి, తెల్లబట్ట, రక్తం తక్కువ. ముప్పైఅయిదుకు గర్భసంచి తీయించుకోమంటారు, అది తీయించుకున్నోళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదొకటి. 2019-21 సర్వేలోనే చూడండి, మన ఆడోళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత. కాన్పులు ఆపడంలో ఫస్టు, కన్న తల్లిని చూసుకోవడంలో ఇట్లా. అడవి పేరు చెప్పి మళ్ళీ కు.ని. అంటే మా వాళ్ళు తెచ్చేది మళ్ళీ ఆ క్యాంపు, ఆ బల్లే.

రేంజరు: ఇప్పుడు టార్గెట్లు లేవంటారుగా.

నర్సమ్మ: 1996 ఏప్రిల్ నుంచి కాగితం మీద లేవు. అంతకుముందు ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశమంతా 82 లక్షల ఆపరేషన్లు, అందులో 62 లక్షలు మొగోళ్ళవి. ఆ భయానికి మొగోళ్ళు మళ్ళీ బల్ల ఎక్కలేదు, భారమంతా ఆడోళ్ళ మీద పడింది. నేను అడిగితే ప్రతి ఇంట్లో అత్త ఒకటే మాట, వాడు బరువు మోసే మనిషి, వానికెందుకు అని. ఈమె నీళ్ళబిందె మోసేది బరువు కాదు మరి! మాటలకేం గానీ, 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందికి కోసినారు, పదిమందికి పైగా చచ్చిపోయినారు. ఆ తర్వాత 2016లో సుప్రీంకోర్టు క్యాంపులే మానమంది.

ఇంకో తమాషా. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచికి నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టినారు. ముప్పై ఏళ్ళు నడిపి 2024 నవంబరులో తీసేసినారు. ఎందుకని? ఇప్పుడు జనం తక్కువైపోతున్నారంట, ఇంకా కనమంటున్నారు ముఖ్యమంత్రి. మొన్న వద్దు, ఇవాళ కావాల. అడిగేది ఎప్పుడూ ఆ తల్లిని కాదు.

రేంజరు: నల్లమల చెంచుల మాటేమిటి? వాళ్ళ దగ్గర మీ లెక్క మారుతుందేమో. ఉమ్మడి ఆంధ్రలో 2001లో చెంచులు 49 వేలు, 2011లో 64 వేలు. తేనె పెరిగిందా, తపసి జిగురు పెరిగిందా? గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోకు వచ్చే సరుకు చూస్తే తెలుస్తుంది. పైగా కొన్ని రాష్ట్రాల్లో ఇట్లాంటి తెగలకు ఆపరేషన్ చేయకూడదని ఆర్డరే ఉండేది. 1979లో మధ్యప్రదేశ్‌లో బైగాలకు ఇచ్చారు.

నర్సమ్మ: ఆ ఆర్డరు మీద బైగా ఆడోళ్ళే కోర్టుకెక్కినారు. 2018లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కొట్టేసింది. మీరు అంతరిస్తారు కాబట్టి కనండి అని ఒకడు, మీరు ఎక్కువైనారు కాబట్టి కనొద్దని ఒకడు. రెండూ ఒకటే నాకు. ఇంక చెంచుల లెక్క. చెంచులూ పెరిగినారు. ఆంధ్రలో పులులు 2018లో 48 ఉంటే 2022లో 63. అవీ పెరిగినాయి. లేకుండా పోయింది బట్టమేక, రోళ్లపాడు చేలల్లో చెంచు పెంటే, వాళ్ళ గూడెమే లేదు.

రేంజరు: అదొక గడుసుమాట.

నర్సమ్మ: గడుసుదే, అయినా నిజం. నల్లమలను తొక్కేదెవరో చెప్పమంటారా? శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం పొయ్యే జనం. కన్నడ భక్తులు వెంకటాపురం మీదుగా నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం దారిలో నడుచుకుంటా వస్తారు. భక్తి వాళ్ళది, కాదనను. ఆ వారంలో పెచ్చెరువు దారిలో పడే ప్లాస్టిక్ సీసాలు పెచ్చెరువు చెంచులు జన్మలో కొనరు.

రేంజరు: అందుకే పెచ్చెరువు లాంటి గూడేలు బయటికి రమ్మంటున్నాం. రోడ్డు పక్కకొస్తే ఆసుపత్రి ఉంది, బడి ఉంది. పులుల అభయారణ్యం నుంచి వచ్చే కుటుంబానికి పది లక్షలుండేది పదిహేను లక్షలైంది. అడవిలో పెంట పెంటకూ డాక్టరును పెట్టగలమా?

(ఈ ప్రశ్నకు నర్సమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినప్పుడు గొంతు పెంచలేదు.)

నర్సమ్మ: గస్తీకి బేస్ క్యాంపులు పెట్టినారు కదా సార్. కోర్ లోపల, వానలో, ఎండలో. సోలార్ ప్యానెలు, వాకీటాకీ, నీళ్ళ డ్రమ్ము, బియ్యం అన్నీ చేరతాయి. ఆ క్యాంపులో నడిచేదెవరు? చెంచు పిల్లోడు. పులి అడుగు ఎప్పటిదో, ఆడదా మగదా వాడే చెప్తాడు. నేను చూసిన ఒక పెంట గురించి చెప్తా. ఆ పిల్లోని పెండ్లానికి నెలలు నిండినాయి. రక్తం ఏడు గ్రాములు. ఐరన్ మాత్రలు ఇచ్చినామని మా రిజిస్టరులో ఉంది. మాత్రలు చూరులో అట్లనే ఉన్నాయి, మింగితే కడుపులో తిప్పుతుందని. ఎవరూ కూర్చోని చెప్పలేదు. రాత్రి నొప్పులొస్తే మంచానికి కట్టి నలుగురు మోసుకొచ్చినారు. ఫోనుకు సిగ్నల్ లేదు. అదే రాత్రి అదే అడవిలో వాని చేతిలో మీ వాకీటాకీ ఉంది. దాంట్లో పులి చచ్చిపోతే చెప్పొచ్చు. పెండ్లానికి నొప్పులొస్తే చెప్పొచ్చా లేదా, వానికి ఎవరూ చెప్పలేదు. వాడు చెప్పలేదు.

రేంజరు: తల్లీబిడ్డా?

నర్సమ్మ: తల్లి బతికింది. అదే నేను అడిగే సంబంధం. వైద్యం కావాలంటే అడవి వదులు అన్నారనుకోండి, వైద్యం ఎరగా మారుతుంది, వాళ్ళు మా సూదిని కూడా అనుమానిస్తారు. ఇష్టమై వచ్చేవాళ్ళు రానీ. ఉండేవాళ్ళకు ఉన్నచోటికే పోదాం. సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ, అదే ఐటీడీఏ వాళ్ళు గర్భిణులకు వసతి గృహం పెట్టినారు, నెలలు నిండకముందే వచ్చి ఉంటారు. శ్రీశైలం పక్కన సున్నిపెంటలో అట్లాంటిది కావాల. ఆపరేషను ఒక్కటే కాకుండా కాపర్-టి, అంతర ఇంజక్షను, అడిగినోళ్ళకు అడిగింది. ఎవరు ఏదీ వద్దన్నా సరే, బిడ్డకు టీకా ఆగకూడదు.

రేంజరు: ఇవన్నీ మంచివే. అడవికి ఏం ఒరుగుతుంది? నేను అడవి మనిషిని, నన్ను అడుగుతారు.

నర్సమ్మ: కట్టెలమోపు కత చెప్పండి, మీకే తెలుసు. 1999లో దీపం పథకం కింద గ్యాసు ఇచ్చినప్పుడు ఆ ఊళ్ళల్లో మోపులు తగ్గినాయా లేదా?

రేంజరు: సిలిండరు మళ్ళీ నింపుకోగలిగిన ఇళ్ళల్లో తగ్గాయి. మిగతా ఇళ్ళల్లో సిలిండరు మూలన, పొయ్యి మధ్యన.

నర్సమ్మ: ఆ పొయ్యి పొగ ఆమె ఊపిరితిత్తుల్లోకి, ఆ మోపు ఆమె నడుం మీదికి. ఆ ఇంటికి సిలిండరు నింపితే మీ పొద మిగిలింది, నా పేషెంటు మిగిలింది. కాన్పుల లెక్క దాంట్లో యాడా రాలేదు చూడండి.

రేంజరు: ఉండండి, ఉండండి. మీరు బ్విండీ మాట కొట్టేశారు గానీ దాంట్లో ఇంకోటుంది. 2018లో గిర్ అడవిలో నెల తిరక్కుండా ఇరవైమూడు సింహాలు చచ్చిపోయాయి. వాటిల్లో కొన్నిట్లో దొరికింది కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరస్. నల్లమలలో చెంచు ఇంటికి కుక్క ఉంటుంది, కుక్క లేని చెంచును నేను చూడలేదు. కుక్కకు టీకా లేదు. పులి కుక్కను పడుతుంది. మనిషి లెక్క వదిలేయండి, కుక్క లెక్క నాకు నిద్ర పట్టనివ్వదు.

నర్సమ్మ: ఇప్పుడొచ్చినారు దారిలోకి! కుక్కల టీకాకు పెంటకు ఎట్లా పోతారు?

రేంజరు: జీపులో.

నర్సమ్మ: ఆ జీపులో నాకు చోటుందా? నా వ్యాక్సిన్ బాక్సుకు ఐసు కరగకముందు పెచ్చెరువు చేరాల. మీరు కుక్కను పట్టుకోండి, నేను బిడ్డను పట్టుకుంటా. చెంచాయన కుక్కను ముందు చూస్తాడు, మీ మీద నమ్మకం దాంతోనే వస్తుంది. ఆ నమ్మకంతోనే ఆమె నా దగ్గర కూర్చోని మాత్ర ఎందుకు మింగలేదో చెప్తుంది. ఇంక మీ మొగోళ్ళ కత ఉంది. బేస్ క్యాంపులో మొగోళ్ళు ఒక్కచోట దొరుకుతారు. వేసెక్టమీ అంటే పది నిమిషాల పని, బలం పోదు అని మీ నోటితో చెప్తే వింటారు, నేను చెప్తే నవ్వుతారు.

రేంజరు: నేనా? రిటైరైనవాణ్ణి.

నర్సమ్మ: మీరు చేయించుకున్నారా?

రేంజరు: ...మా ఇంట్లో ఆవిడకే అయింది. 1988లో.

నర్సమ్మ: చెప్పేటప్పుడు అది కూడా చెప్పండి. బాగా వింటారు.

రేంజరు: అదట్లా ఉంచండి. జీపు సంగతి. కుక్కల టీకాలు పశుసంవర్ధక శాఖవి, బిడ్డల టీకాలు మీ శాఖవి, జీపు మా శాఖది, గూడెం ఐటీడీఏది. డీజిల్ ఏ పద్దు కింద రాయాలి? ఆడిట్ వాడు మొదట అడిగేది అదే. మీరు నవ్వుతున్నారు గానీ, ఇన్నేళ్ళూ అడవికీ ఆసుపత్రికీ మధ్య దారి మూసింది ఇదే.

నర్సమ్మ: లాగ్‌బుక్కులో ఏం రాస్తారు మామూలుగా?

రేంజరు: గస్తీ.

నర్సమ్మ: అదే రాయండి. బీట్ పేరు పెట్టి, నన్ను యాడ దించినారో కిలోమీటర్లు కూడా వేయండి. ఆడిట్ వాడు అడిగితే నా రిజిస్టరు పంపిస్తా, ఆ రోజు పెంటలో ఎవరికి ఎన్ని గ్రాముల రక్తముందో దాంట్లో ఉంటుంది. కుక్కల లెక్క మాత్రం మీరే తెచ్చుకోవాల.